ముద్ద ఆగేదాకా ఆగకండి: ఆరోగ్య శాఖల పెద్దలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల కార్యదర్శులకు, అసంక్రమిత వ్యాధుల విభాగం అధికారులకు, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఎండోస్కోపీ గదులూ పెథాలజీ ల్యాబులూ నడుపుతున్న డాక్టర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. డీఎన్‌ఏ ల్యాబుల్లో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన మనిషిని. డాక్టర్ని కాను. కణితి ముక్కల్లోంచి డీఎన్‌ఏ తీయడం, దానిమీద మిథైలేషన్ పడిందో లేదో చూడడం, డీఎన్‌ఏ ముక్కలు చారలుగా కనిపించే జెల్ ఫొటోలు తీసి పెద్దవాళ్ళ బల్ల మీద పెట్టడం నా ఉద్యోగం.

మొన్న సంక్రాంతికి శ్రీకాకుళం వైపు మా ఊరెళ్ళినప్పుడు పక్క టౌన్లో ఒక ప్రైవేటు ఆరోగ్య శిబిరం పెట్టారు. కరపత్రం మీద పెద్దక్షరాల్లో ‘ఒక్క గొట్టం రక్తం, డజన్ల కొద్దీ క్యాన్సర్లు, మిథైలేషన్ టెక్నాలజీ’ అని ఉంది. గొంతు, అన్నవాహిక క్యాన్సర్ కూడా అందులోనే. ధర చూస్తే మా ఊళ్ళో ఒక కూలీ కుటుంబం రెండు నెలలు బతికే డబ్బు. వేదిక మీద మాట్లాడిన ఒక పెద్దమనిషి, ఇలాంటివి ప్రభుత్వమే కొని ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ పెట్టాలన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను జీవితమంతా చేసిన పని పేరు తెలుగు కరపత్రం మీద కనిపించేసరికి నా చేతులు కూడా కొంచెం పైకి లేచాయి, దాచుకోవడం దేనికి. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మిథైలేషన్ అంటే ఏమిటో ఆ కరపత్రం చెప్పలేదు. పలక మీద ‘క’ రాయండి. దానికి పొల్లు పెట్టండి. ‘క్’ అయింది. అక్షరం అక్కడే ఉంది, లోపలున్న ‘అ’ మాత్రం నోరు మూసుకుంది. డీఎన్‌ఏ నాలుగు అక్షరాల రాత కదా. అందులో సైటోసిన్ పక్కనే గ్వానిన్ వచ్చిన చోట, ఆ సైటోసిన్ మీద ఒక కార్బనూ మూడు హైడ్రోజన్లూ ఉన్న చిన్న ముక్క వచ్చి కూర్చుంటుంది. అదే మిథైల్. మన బడి భాషలో పొల్లు. చాలా జన్యువులకి మొదట్లో, ఇక్కణ్ణుంచి చదవండి అని చెప్పే భాగంలో, ఇలాంటి సైటోసిన్-గ్వానిన్ జంటలు గుంపుగా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఆ గుంపుల మీద మామూలుగా పొల్లులుండవు. అక్కడ దట్టంగా పడ్డాయంటే ఆ జన్యువుని చదవడానికొచ్చిన ప్రొటీన్లు పట్టు దొరక్క వెనక్కి పోతాయి, ఆ చుట్టూ డీఎన్‌ఏ ముడుచుకుపోతుంది. రాత చెడలేదు, ఒక్క అక్షరమూ మారలేదు, అయినా ఆ జన్యువు పలకదు.

వ్యవసాయం ఇళ్ళలో పుట్టినవాళ్ళకి పొల్లు అంటే ఇంకోటి కూడా. తాలు గింజ. పైన పొట్టు నిండుగా కనిపిస్తుంది, చేటలో వేసి చెరిగితే గాలికి ఎగిరిపోతుంది. నోరుమూసుకున్న జన్యువు అచ్చం అదే.

అన్నవాహిక లోపలి పొరలో ఇలా తాలైపోయేవాటిలో బాగా తెలిసింది పి16. తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉంటుంది. కణం రెండుగా చీలబోయే ముందు, ఆగు, ఇప్పుడొద్దు అని చెయ్యడ్డం పెట్టే ప్రొటీన్‌ని అది తయారుచేస్తుంది. కొన్ని కణితుల్లో ఆ జన్యువు తెగి పడిపోతుంది, కొన్నిట్లో రాత మారుతుంది, చాలావాటిలో మిథైల్ పడి మూగబోతుంది. దారి ఏదైనా చెయ్యడ్డం పెట్టేవాడు లేడు. ఇంకోటి ఎంజీఎంటీ. పొగాకులోని నైట్రోసమైన్ల లాంటి రసాయనాలు డీఎన్‌ఏ అక్షరాలకి అతికించే మరకల్ని గీకి శుభ్రం చేసే మేస్త్రీ అది. మేస్త్రీనే మూగైపోతే మరకలు మరకలుగా ఉండవు, కణం చీలినప్పుడల్లా తప్పులుగా స్థిరపడిపోతాయి. కణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్, ఇంకా ఆర్‌ఏఎస్ఎస్ఎఫ్1ఏ, ఏపీసీ లాంటి జన్యువులు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. వాటి దగ్గర ఆగను.

మీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇది. ఈ పొల్లులు కణితి వచ్చాక పడేవి కావు, చాలాముందే మొదలవుతాయి. 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో అన్నవాహిక పొర మామూలుగా ఉన్నప్పుడు, కణాలు వంకర తిరగడం మొదలైనప్పుడు, ఆ వంకర ముదిరినప్పుడు, చివరికి క్యాన్సర్ అయినప్పుడు తీసిన ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూశారు. మెట్టు మెట్టుకీ మిథైలేషన్ పెరుగుతూ పోయింది. 2009లో జపాన్ పరిశోధకులు ఇంకో అడుగు వేసి, క్యాన్సర్ రోగుల అన్నవాహికలో కణితికి దూరంగా, కంటికి బాగానే ఉన్న చోటి పొరని పరీక్షించారు. కొన్ని జన్యువుల మీద పడ్డ మిథైలేషన్‌కి, ఆ మనిషి ఎన్నేళ్ళు పొగ తాగాడన్నదానికి పొంతన కుదిరింది. మనిషి తాను ఎన్నేళ్ళు కాల్చాడో డాక్టరు దగ్గర తగ్గించి చెప్తాడు. ఆ పొర తగ్గించి రాసుకోలేదు.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. కాశ్మీర్ లోయలో, ఉప్పు టీ వేడివేడిగా తాగే ఆ ప్రాంతంలో, పి16 మిథైలేషన్ గురించి 2009లో ప్రచురించారు. ఈశాన్య రాష్ట్రాల రోగుల్లో పి16తో పాటు ఇంకొన్ని జన్యువుల మిథైలేషన్‌ని, పొగాకు, వక్క అలవాట్లతో కలిపి చూసిన పరిశోధన 2013లో వచ్చింది. మేఘాలయలోని తూర్పు ఖాసీ కొండల్లో అన్నవాహిక క్యాన్సర్ రేటు మన దేశ క్యాన్సర్ రిజిస్ట్రీలన్నిటిలోకీ ఎక్కువ. వాళ్ళ కష్టం వాళ్ళకి పరిశోధన తెచ్చిపెట్టింది. మన వైపు ఈ జబ్బు అంత ఎక్కువ కాదు, అందుకే మనల్ని ఎవరూ అడగలేదు.

సరే, పొల్లులు ముందే పడుతున్నాయి కాబట్టి పరీక్ష చేస్తే ముందే తెలిసిపోవాలిగా? వేదిక మీది పెద్దమనిషి అడిగింది అదే. న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా ఉంది.

చైనాలో హెనాన్ రాష్ట్రంలోని లిన్షియన్ ప్రాంతం అన్నవాహిక క్యాన్సర్‌కి పేరుమోసింది. అక్కడ గాలిబుడగ మింగించి, ఉబ్బించి, పైకి లాగి, దానికంటుకున్న కణాల్ని చూసే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. అలా తీసిన కణాల మీద మిథైలేషన్ పరీక్ష చేస్తే తొలిదశ దొరుకుతుందా అని చూసిన పరిశోధన 2008లో వెలువడింది. అన్నిట్లోకీ బాగా పనిచేసిన నాలుగు జన్యువుల జట్టులో పి16 కూడా ఉంది. ఫలితం? జబ్బు ఉన్నవాళ్ళలో పట్టింది 50 శాతం. లేనివాళ్ళని లేదని సరిగ్గా చెప్పింది 68 శాతం.

దీన్ని ఒక మండలానికి అన్వయించి చూడండి. వెయ్యిమందిని పరీక్షించామనీ, వాళ్ళలో పదిమందికి తొలిదశ ఉందనీ అనుకుందాం. పరీక్ష ఐదుగుర్ని పట్టుకుంటుంది, ఐదుగుర్ని వదిలేస్తుంది. ఏమీ లేని 990 మందిలో సుమారు 317 మందిని భయపెడుతుంది. ఆ 317 మందికీ, దొరికిన ఐదుగురికీ ఎండోస్కోపీ చేయాల్సిందే. జిల్లా ఆసుపత్రిలో ఇప్పుడున్న వరసకి ఇంకో 322 మంది. తప్పించుకున్న ఆ ఐదుగురేమో ‘నాకేం లేదన్నారు’ అని ధైర్యంగా చుట్ట ముట్టిస్తారు.

రక్త పరీక్ష సంగతి ఇంకా సున్నితం. కణితి నుంచి రక్తంలోకి రాలిన డీఎన్‌ఏ తునకల మీద మిథైలేషన్ చూస్తారు. విద్యగా చూస్తే అద్భుతం, నాకు ఈర్ష్య పుట్టించేంత అద్భుతం. అయితే కణితి చిన్నగా ఉన్నప్పుడు రాలేది తక్కువ. 2021లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, రకరకాల క్యాన్సర్లన్నీ కలిపి, ఈ తరహా పరీక్ష ఒకటో దశలో పట్టింది 17 శాతం లోపే, నాలుగో దశలో 90 శాతం. నాలుగో దశ కనుక్కోవడానికి రక్తం ఎందుకండీ, గొంతులో ఆగిన ముద్దే చెప్తుంది.

మిథైలేషన్ పరీక్షలే పనికిరావని నేనంటే నా ఉద్యోగాన్ని నేనే తిట్టుకున్నట్టు. మెదడు కణితుల్లో ఎంజీఎంటీ మీద మిథైల్ ఉందో లేదో చూసి టెమొజొలొమైడ్ అనే మందు ఎంతవరకు పనిచేస్తుందో అంచనా వేస్తున్నారు. పెద్దపేగు క్యాన్సర్‌కి మలంలోని డీఎన్‌ఏ మీద మిథైలేషన్ కూడా చూసే పరీక్షకి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. అన్నవాహికకే, చిన్న బుడగ మింగించి రెండు జన్యువుల మిథైలేషన్ చూసే పద్ధతి అక్కడ ఉంది. కరపత్రంలో దాని బొమ్మ కూడా వేశారు! చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే అది వేరే జబ్బు కోసం. ఏళ్ళ తరబడి కడుపులో ఆమ్లం పైకి తన్ని, అన్నవాహిక కింది భాగంలో పొర మారిపోయి, దాన్నుంచి పుట్టే ఎడినోకార్సినోమా రకానికి సంబంధించింది. పశ్చిమ దేశాల్లో ఎక్కువ. మన దగ్గర ఎక్కువగా కనిపించేది పొగాకు, సారా, వక్కల వెంట వచ్చే స్క్వామస్ రకం, అంటే లోపలి పొరలోని చదును కణాల్లో పుట్టేది. ఒకే గొట్టంలో వస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటే, ఒకే బావిలో పడ్డారు కాబట్టి ఇద్దరూ అన్నదమ్ములేనన్నట్టు.

ఇక ఆ పొల్లుల్ని మందుతో చెరిపేయొచ్చుగా అని ఒక కుర్రాడు శిబిరంలోనే అడిగాడు. చెరిపే మందులున్నాయి. అజాసైటిడిన్, డెసిటబిన్. కొన్ని రక్త వ్యాధుల్లో ఇరవై ఏళ్ళుగా వాడుతున్నారు. వాటికి ఏ పొల్లు చెరపాలో, ఏది ఉంచాలో తెలియదు. క్యాన్సర్ కణంలో కొన్నిచోట్ల పొల్లులు ఎక్కువైతే మిగతా డీఎన్‌ఏలో, ఉండి తీరాల్సిన చోట్ల, తక్కువవుతాయి. ఇలా తగ్గిపోవడాన్ని 1983లోనే గమనించారు. అక్కడ ఇంకా చెరిపితే ఏమవుతుందోనని భయం. అన్నవాహిక క్యాన్సర్‌కి అవి ఇవాళ వైద్యం కాదు.

ఇక నా సొంత సంగతి. మా చిన్నాన్న నలభై ఏళ్ళు చుట్ట తాగాడు. మా వైపు ఆడవాళ్ళు నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగే అడ్డపొగ మీకు తెలిసే ఉంటుంది. అది అంగిలికి తెచ్చే క్యాన్సర్ గురించి డాక్టర్లు ఎప్పట్నుంచో రాస్తున్నారు. చిన్నాన్నది మామూలు చుట్టే. ఒకరోజు ఫోన్ చేసి, “ముద్ద దిగట్నేదురా, రొమ్ము కాడ ఆగిపోతంది” అన్నాడు. ఆ వారం నేను ల్యాబులో ఏం చేస్తున్నానో తెలుసా? అన్నవాహిక కణితుల మీద పి16. ఫోన్ చెవికి ఆనించుకుని, ఎదురుగా జెల్ పెట్టుకుని, “గ్యాస్ అయ్యుంటుంది చిన్నాన్నా, కారం తగ్గించు” అన్నాను.

ఊళ్ళో ఆర్‌ఎంపీ కూడా అదే మాట చెప్పి బిళ్ళలిచ్చాడు. ఆయన్ని తప్పు పట్టే ముఖం నాకు లేదు. ముద్ద మానేసి పప్పుచారులో పిసుక్కుని తిన్నాడు, తర్వాత జావ, తర్వాత గంజి. అన్నం మానడాన్ని మా పిన్ని అలక అనుకుంది. నాలుగు నెలలకి విశాఖ తీసుకొచ్చి గొట్టం వేసి చూస్తే, గొట్టమే దిగలేదు. స్టెంట్ వేశారు. దసరాకి ఉన్నాడు, సంక్రాంతికి లేడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి కొత్తగా అన్నవాహిక క్యాన్సర్ వస్తున్నవాళ్ళు సుమారు 70 వేలు. దానివల్ల చనిపోతున్నవాళ్ళు సుమారు 66 వేలు. ఆ రెండంకెలు అంత దగ్గరగా ఎందుకున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ళలో ఎంతమంది ఫోన్ చేస్తే ఎంతమంది నాలాంటివాళ్ళు కారం తగ్గించమన్నారో.

అందుకని అడుగుతున్నాను. పొల్లు పడ్డం మొదలైన రోజుకీ ముద్ద ఆగిన రోజుకీ మధ్య ఏళ్ళున్నాయి. ముద్ద ఆగిన రోజుకీ ఎండోస్కోపీ గదికీ మధ్య నెలలు పోతున్నాయి. ఆ ఏళ్ళని పట్టుకునే పరీక్ష ఇంకా చేతికి రాలేదు. ఆ నెలలు మాత్రం మీ చేతిలోనే ఉన్నాయి, వాటికి మిథైలేషన్ అక్కర్లేదు.

అసంక్రమిత వ్యాధుల జాతీయ కార్యక్రమం కింద ముప్ఫై దాటినవాళ్ళకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలున్నాయి. బీపీ, షుగర్ చూడ్డానికి ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎమ్‌లు గడప గడపకీ వెళ్తున్నారు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, సారా అలవాటున్న నలభై దాటిన మనిషి కనిపిస్తే ఒక్క ప్రశ్న అడగమనండి: ముద్ద ఎక్కడైనా ఆగుతోందా, నీళ్ళు తాగితే గానీ దిగడం లేదా? ‘మింగుట కష్టమగుచున్నదా’ అని ఫారం భాషలో అడిగితే లేదంటారు. ముద్ద అని అడగాలి. అవునంటే ఆ మనిషికి గ్యాస్ బిళ్ళ ఇచ్చే ముందు, రెండు వారాల్లో ఎండోస్కోపీ అయ్యేలా చీటీ రాసిచ్చే అధికారం ఆ ఏఎన్‌ఎమ్‌కి ఇవ్వండి. ఆశా కార్యకర్తల మీద ఇప్పటికే మోయలేనంత పని పెట్టారని తెలుసు, ఇంకోటి పెట్టేటప్పుడు దానికి డబ్బు కూడా పెట్టండి.

ఎండోస్కోపీ చేసేవాళ్ళకి ఒక మాట. అయోడిన్ చల్లండి. లుగాల్స్ అనే ఆ అయోడిన్ ద్రావణం ధర మీకు తెలుసు. మామూలు స్క్వామస్ కణాల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం ఉంటుంది, అయోడిన్ తగిలితే గోధుమ రంగుకి తిరుగుతుంది. చెడ్డం మొదలైన చోట గ్లైకోజన్ తగ్గి, పాలిపోయిన మచ్చలా మిగిలిపోతుంది. అక్కడే ముక్క తీయొచ్చు. చైనాలో సిషియన్ అనే కౌంటీలో నలభై నుంచి అరవై తొమ్మిదేళ్ళ వాళ్ళకి ఒక్కసారి ఇలా అయోడిన్‌తో ఎండోస్కోపీ చేసి, ముదిరిన మచ్చలకి వైద్యం చేసి, పదేళ్ళు వెంట చూశారు. అన్నవాహిక క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని 2015లో ప్రకటించారు. అక్కడ జబ్బు మనకన్నా చాలా ఎక్కువ కాబట్టి ఊరందరికీ చేశారు. మనం అలా చేయనక్కర్లేదు, చేయలేము కూడా. పొగాకు అలవాటుండి ముద్ద ఆగుతోందన్నవాళ్ళకి, ఇప్పటికే నోట్లోనో గొంతులోనో క్యాన్సర్ వచ్చి బాగుపడ్డవాళ్ళకి చేస్తే చాలు. అయోడిన్ పడనివాళ్ళుంటారు, చల్లాక గుండెల్లో మంట వస్తుంది, అవి చూసుకోవడం మీకు నేర్పేటంత వాణ్ణి కాను.

మిథైలేషన్‌ని మరి పూర్తిగా పక్కన పెట్టమంటానా? లేదు. దానికి చేయాల్సింది ఒకటుంది, అది చౌక. ఫార్మాలిన్ మార్చండి, కణితి ముక్క చెడకుండా నానబెట్టే ద్రవం అది. నవ్వకండి. నా ఇరవై ఆరేళ్ళలో నా దగ్గరికొచ్చిన మైనం దిమ్మల్లో (కణితి ముక్కని మైనంలో పొదిగి దాచేవి) ఎన్నో, ఆమ్లాన్ని అదుపులో ఉంచే బఫర్ కలపని ఫార్మాలిన్‌లో రోజుల తరబడి నానిపోయినవి. ముక్క మైక్రోస్కోపు కింద బాగానే కనిపిస్తుంది, పెథాలజీ రిపోర్టుకి లోటు లేదు. డీఎన్‌ఏ మాత్రం నుజ్జు. దాన్ని బైసల్ఫైట్ అనే రసాయనంలో వేస్తాం. పొల్లు లేని సైటోసిన్ యురాసిల్‌గా మారుతుంది, పొల్లు ఉన్నది మారదు, ఏది మారలేదో చూసి మిథైల్ ఎక్కడుందో చదువుతాం. బైసల్ఫైట్ డీఎన్‌ఏని ఎలాగూ తునకలు చేస్తుంది. ముందే నుజ్జైపోయిందాన్ని ఇంకా నుజ్జు చేస్తే చదవడానికేం మిగులుతుంది? బఫర్ కలిపిన పది శాతం ఫార్మాలిన్, ఒకటి రెండు రోజులకి మించకుండా, తర్వాత మైనం. దిమ్మలకి చెద పట్టని అరలు. రోగి నుంచి తెలుగులో, అతనికి అర్థమయ్యే తెలుగులో, అనుమతి. ఎన్నేళ్ళు ఏం తాగాడో పక్కన ఒక కాగితం. ఇవి ఉంటే హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జన్యు పరిశోధన సంస్థలున్నాయి, చదివే చేతులున్నాయి. మన చుట్ట తాగేవాళ్ళ అన్నవాహికలో ఏ జన్యువు మీద ముందు పొల్లు పడుతుందో అప్పుడు తెలుస్తుంది. రేపెవరైనా పరీక్ష అమ్మడానికొస్తే, మా దిమ్మల మీద చేసి చూపించండి, తర్వాత ధర మాట్లాడదాం అనగలుగుతారు. ఇవాళ ఆ మాట అనడానికి మన దగ్గర ఏమీ లేదు. గుంటూరులో 1976 నుంచీ పొగాకు బోర్డు ఉంది, ఏ గ్రేడు ఆకు ఎన్ని కిలోలు అమ్ముడైందో లెక్క ఉంటుంది. ఆ ఆకు పొగ ఎవరి గొంతులో ఏం రాసిందో మాత్రం లెక్క లేదు.

ప్రైవేటు శిబిరాల్ని ఆపమని అడగను, మీకు అధికారముందో లేదో తెలియదు. ఈ పరీక్షలో లేదని వచ్చినా ముద్ద ఆగితే ఎండోస్కోపీ చేయించుకోవాలి అని కరపత్రం మీద అంతే పెద్దక్షరాల్లో వేయమని మాత్రం చెప్పొచ్చు. మా ఊళ్ళో ఆ రోజు రక్తమిచ్చినవాళ్ళలో నాకు తెలిసినవాడు ఒకడున్నాడు. రిపోర్టు బాగానే వచ్చిందట. మొన్న ఫోన్లో అడిగాను, అన్నం బాగా దిగుతోందా అని. “పెరుగన్నమైతే దిగతంది” అన్నాడు. బస్సెక్కించి పంపమని వాళ్ళబ్బాయికి చెప్పాను. ఎండోస్కోపీకి తేదీ ఇరవై మూడు రోజుల తర్వాత ఇచ్చారు. ఆ తేదీని ముందుకి జరిపించడానికి నేను ఎవరికి ఫోన్ చేయాలో మీలో ఎవరైనా చెప్తే బాగుంటుంది. నాకు తెలిసినవాళ్ళు లేని రోగికి కూడా అదే నంబరు పనిచేయాలి.

ఇంకొక్కటి, ఇది నా సొంత విన్నపం. చిన్నాన్న కణితి ముక్క మీ ఆసుపత్రుల్లో ఒకదాని గోదాములో మైనం దిమ్మగా ఉండాలి. నంబరు నా డైరీలో ఉంది. పిన్ని వేలిముద్రతో అనుమతి పత్రం తీసుకొస్తాను, పరీక్షకయ్యే ఖర్చు నేనే పెట్టుకుంటాను. దొరికితే కబురు చేయండి.

ఇట్లు,
ఒక రిటైరైన ల్యాబ్ ఉద్యోగి